మైకుకి వినపడని మాట

స్కూలు గ్రౌండులో పెద్ద బాక్సులు రెండు దించి, వైర్లు లాగి, స్టాండుకి మైకు బిగించి "హలో, మైక్ టెస్టింగ్" అంటున్న కుర్రాడి దగ్గరికి ఒకమ్మాయి రెండు చేతులతో చెవులు మూసుకుని నడిచొచ్చింది.

"ఏమండీ, యుద్ధ విమానాల రొద భరించలేకపోతున్నాం మొర్రో అని పెట్టుకున్న మీటింగ్ ఇది. మీ బాక్సులు వాటినే మించిపోయేలా ఉన్నాయి."

"మీటింగ్ అన్నాక నలుగురికీ వినపడాలి కదండీ."

"నలుగురికి వినపడితే చాలు, నాలుగు ఊళ్ళకి అక్కర్లేదు. ముందా ట్రెబుల్ తగ్గించండి, ఆ కీచుకి చెవులు కోసుకుపోతున్నాయి."

కుర్రాడు ఒక్క క్షణం ఆమె పెదాల వంకే చూశాడు. తర్వాత చాలా మర్యాదగా వేదిక ఎక్కి, అక్కడున్న రెండు టేబుళ్ళలో ఒకటి ఎత్తి కింద పెట్టేశాడు.

"ఒకటి తగ్గించానండీ. రెండోది కూడా తీసెయ్యమంటారా?"

ముందు వరసలో కూర్చున్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆమెకి మొదట ఒళ్ళు మండింది. రెండు క్షణాలు అతన్ని గుడ్లురిమి చూసి, మూడో క్షణంలో ఆపుకోలేక తనూ నవ్వేసింది. "ట్రెబుల్ అంటే టేబులా? భలేవారండీ మీరు." అతనూ నవ్వాడు, ముందే అనుకుని వేసిన జోకులాగా.

అది జోకు కాదు. అతనికి టేబుల్ అనే వినపడింది.

వీధిలో అందరూ అతన్ని మైకు అనే పిలిచేవారు. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకుసెట్లు అద్దెకిచ్చే షాపు అతనిది. ఇల్లు ఎయిర్‌బేస్ గోడకి ఆనుకునే ఉంది. పుట్టినప్పటినుంచీ యుద్ధ విమానాలు వాళ్ళ డాబా మీంచే లేస్తున్నాయి. "నీకెలా నిద్రపడుతుందిరా అక్కడ?" అని ఎవరైనా అడిగితే ఛాతీ విరుచుకుని "మనకేం అనిపించదు. అలవాటైపోతుంది" అనేవాడు. కొత్తగా కాపురానికొచ్చి తలనొప్పి అన్న పక్కింటావిడకీ అదే చెప్పాడు, పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుస్తోందన్న ఎదురింటావిడకీ అదే చెప్పాడు.

నాలుగైదేళ్ళుగా మనుషుల మాటలు అతనికి పళ్ళూడిన దువ్వెనలా వస్తున్నాయి. మధ్యమధ్యలో అక్షరాలు ఉండవు. ఆ ఖాళీల్ని ఎదుటివాళ్ళ పెదాలు చూసి, మొహం చూసి, తన ఊహతో నింపుకునేవాడు. ఊహ గురి తప్పితే జోకు చేసేసేవాడు. అందుకే వీధిలో హాస్యగాడని పేరొచ్చింది. ఉప్పు తెలియని వంటవాడిని ఎవరు పిలుస్తారు? చెవుడున్న మైకువాడిని మాత్రం ఎవరు పిలుస్తారు? ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని అతను దేవుడికి మొక్కుకోని రోజు లేదు.

అలాంటివాడికి దేవుడు పరిచయం చేసిన అమ్మాయి ఏ ఉద్యోగం చేస్తోందయ్యా అంటే, చెవులు పరీక్షించే ఉద్యోగం.

ఆసుపత్రిలో ఆడియాలజిస్టు. ఆ పేరు వీధివాళ్ళ నోరు తిరక్క ఆడియో మేడమ్ అయింది. ఉద్యోగం వచ్చాక పెదనాన్న ఇంట్లో ఉంటోంది. ఆ పెదనాన్న విమానాల దారి కిందున్న స్కూల్లోనే హెడ్మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. విమానం వచ్చినప్పుడల్లా పాఠం ఆపి, వెళ్ళాక "ఎక్కడున్నాం?" అని పిల్లల్నే అడిగి, అలా ముప్ఫయ్యేళ్ళు నెట్టుకొచ్చిన మనిషి. రిటైరయ్యాక కమిటీ పెట్టి, స్కూలు నడిచే వేళల్లో విమానాలు ఆ దారిన పోకూడదని పట్టుబట్టాడు. బేస్‌లో పెద్దవాళ్ళు విచారణకి వస్తామని ఒప్పుకున్నారు. ఈలోగా వీధివీధికీ తిరిగి జనాన్ని కూడగట్టాలి. దానికి మైకు కావాలి.

"ఆ టేబుల్ తగ్గించిన కుర్రాణ్ణే పిలుద్దాం పెదనాన్నా" అంది ఆమె. ఎందుకో చెప్పలేదు. ఆయనా అడగలేదు.

అలా ఆ నెలంతా సాయంత్రాలు ఆటోకి బాక్సు కట్టుకుని ఇద్దరూ వీధులు తిరిగారు. అతను అనౌన్స్ చేసేవాడు, ఆమె ఇళ్ళలోకి వెళ్ళి మాట్లాడేది. ఆరేసిన బట్టల మీద నల్లటి మసి చూపించేవారు ఆడవాళ్ళు. గాలి ఇటు తిరిగితే కిరసనాయిలు వాసనకి అన్నం సయించడం లేదనేవారు. ఆమె అన్నీ శ్రద్ధగా వినేది. అతను శ్రద్ధగా ఆమెని చూసేవాడు. చూడకపోతే వినపడదు మరి. చెవుల్ని వంకగా పెట్టుకుని కళ్ళు హాయిగా వాటి పని అవి చేసుకునేవి.

ఒకరోజు ఊరి చివర చెరువు పక్కనుంచి వెళ్తుంటే ఆమె అటు చూపిస్తూ అడిగింది. "మీ చిన్నప్పుడు ఇక్కడ కొంగలుండేవట కదా. విమానాల దెబ్బకి ఒక్కటీ మిగల్లేదట."

"దొంగలా? ఎందుకు లేరండీ. మా వీధిలోనే ఒకడుండేవాడు. ఇప్పుడు కౌన్సిలరు."

ఆమె ఆటో రాడ్డు పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "అబ్బ, ఎక్కణ్ణుంచొస్తాయండీ మీకు ఈ మాటలు? ఆసుపత్రిలో రోజంతా పీ పీ అనే శబ్దాలు పెట్టి పెట్టి నా బుర్ర వాచిపోతుంది. మీతో తిరిగితే గానీ దిగదు."

అతనూ నవ్వాడు. లోపల మాత్రం దొంగకి తేలు కుట్టినట్టయింది. తను నోరు జారిన మాటకల్లా ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు కోసం ఏమైనా చేసేలా ఉన్నాడు, కానీ అది తన తెలివికి దక్కిన నవ్వు కాదు. ఆమెకి నచ్చుతున్న ఆ సరదా మనిషి ఎక్కడా లేడు. ఉన్నవాడు ఒక చెవిటివాడు.

ఇవాళ చెప్పేద్దాం అని పొద్దున అనుకునేవాడు. సాయంత్రం ఆమె నవ్వగానే రేపు చెప్దాం అనుకునేవాడు.

అలా ఉండగా ఒకరోజు వాన పట్టుకుంది. బాక్సు మీద టార్పాలిన్ కప్పి, ఆటో డ్రైవరు టీకి వెళ్తే, వీళ్ళిద్దరూ మూసేసిన షాపు ముందు రేకుల కింద నిలబడ్డారు. రేకుల మీద వాన దబదబా కొడుతోంది. ఆమె చెయ్యి చాపి చినుకులు పట్టుకుంటోంది. మొహం వాన వైపు తిప్పుకుంది. అతనికి కనిపిస్తున్నదల్లా ఒక బుగ్గ, తడిసిన ముంగురులు, చెవికి వేలాడుతున్న చిన్న లోలాకు.

ఆ లోలాకు కదిలింది. ఆమె ఏదో అంది. చిన్న మాటే, చాలా మెల్లగా అంది. వెంటనే ఇటు తిరిగి అతని కళ్ళలోకి చూస్తూ నిలబడింది.

అతనికి ఒక్క ముక్క వినపడలేదు. వానకి సామాను సంగతి అడిగిందేమో అనుకున్నాడు. ఎప్పట్లాగే నవ్వు పులుముకుని అనేశాడు. "అవన్నీ ఇప్పుడెందుకండీ, వైర్లు తడిసిపోతాయి."

ఆమె మొహంలో దీపం ఆర్పినట్టయింది. "అవును. తడిసిపోతాయి" అంది, ఈసారి గట్టిగా. చున్నీ తలమీద వేసుకుని వానలోనే ఇంటి దారి పట్టింది.

పొరపాటు జరిగిందని అతనికి తెలుస్తూనే ఉంది. వెనకే పరిగెత్తి "ఏమన్నారు? మళ్ళీ చెప్పండి" అంటే సరిపోయేది. ఎందుకు వినపడలేదు అని అడుగుతుంది కదా. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి కాళ్ళు కదల్లేదు. ఆ రాత్రి తనని తాను తిట్టుకోని తిట్టు లేదు.

మర్నాటి నుంచి ఆమె మాటలు పొడిపొడిగా మారాయి. "వచ్చారా? బాక్సు పెట్టండి. వెళ్దామా?" అంతే. అతను రెండు మూడు జోకులు కావాలని వేశాడు. కావాలని వేస్తే ఒక్కటీ పేలలేదు.

విచారణ రోజు రానే వచ్చింది. ఫంక్షన్ హాలు కిక్కిరిసిపోయింది. బేస్ తరఫున ఒక ఆఫీసరు, ఇద్దరు సహాయకులు వచ్చి ముందు కూర్చున్నారు. ఆఫీసరు చెడ్డవాడేం కాదు, నవ్వుమొహం మనిషి. హెడ్మాస్టారు మాట్లాడాక ఆమె లేచింది. విమానాల దారి కిందున్న స్కూలు పిల్లల్లో చాలామందికి సన్నటి శబ్దాలు వినపడటం తగ్గిపోయిందని ఆమె పరీక్షల్లో తేలింది. ఆ రోజు చెప్పాల్సిన అసలు సంగతి అదే.

మైకు పెద్ద బాక్సుల వెనక, మీటల బోర్డు దగ్గర కూర్చున్నాడు. ఆమె మాట చివరి వరసదాకా ఖణేల్మని పోవాలని అతని పట్టుదల. వానరోజు చేసిన తప్పుకి కనీసం ఇలాగైనా చెల్లు చేసుకోవాలని. అందుకని శబ్దం పెంచే నాబ్ ఇంకొంచెం తిప్పాడు. ఆమె ఇటు చూసి చెయ్యి ఊపింది. బాగుందంటోంది కాబోలనుకుని ఇంకొంచెం తిప్పాడు.

బాక్సులు కూత పెట్టాయి. సూదిలా సన్నటి కూత. హాల్లో జనం చెవులు మూసుకున్నారు. పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. మైకు మాత్రం బాక్సుల వెనకనుంచి ఆమెకి బొటనవేలు ఎత్తి చూపించి నవ్వుతున్నాడు. అందరూ చెవులు మూసుకోవడం అతనికి కనిపించింది. పైన విమానం వెళ్తోందేమో అనుకున్నాడు.

హెడ్మాస్టారే వచ్చి నాబ్ కిందికి తిప్పాడు.

ఆఫీసరు చెవుల మీంచి చేతులు తీసి, టేబుల్ మీద ఆమె పెట్టుకున్న శబ్దం కొలిచే మీటరు వంక చూశాడు. "మేడమ్, పొద్దున మా విమానానికి ఎంత చూపించిందన్నారు? ఇప్పుడీ కూతకి అంతకన్నా ఎక్కువ చూపించింది." కొంచెం ఆగి నవ్వుతూనే అన్నాడు. "పిల్లల చెవులు పాడవుతున్నది మా విమానాల వల్లా, మీ పెళ్ళి మైకుల వల్లా? ముందది తేల్చుకోండి. అయినా విమానాలకి జనం అలవాటుపడిపోయారు. మావాళ్ళు ఇల్లిల్లూ అడిగితే చాలామంది ఆ మాటే అన్నారు."

హాలంతా నవ్వింది. ఇంతసేపూ కమిటీ పక్షాన ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆమె నవ్వలేదు. కోప్పడనూ లేదు. స్టేజీ మీంచి మైకు వంకే చూస్తోంది. అంత కూత పెడుతుంటే బొటనవేలు ఎత్తిన మనిషి వంక, చెవుల పని తెలిసిన మనిషి చూసే చూపు. ఆమెకి తెలిసిపోయిందని అతనికి తెలిసిపోయింది. నేల విచ్చుకుని మింగేస్తే బాగుండును అనిపించింది. నేల అంత మంచిది కాదు. అతనే లేచి, వైర్లు కూడా చుట్టకుండా, వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు.

షాపు తెరవలేదు. గదిలోంచి బయటికి రాలేదు. ఏ మొహం పెట్టుకుని వస్తాడు? వాళ్ళమ్మ రెండుసార్లు అన్నం పళ్ళెం తెచ్చి తీసుకెళ్ళింది. మూడోసారి ఎదురుగా కూర్చుని, ఎప్పట్లాగే వీధి దద్దరిల్లేలా అంది. "ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి చెవులు చూపించుకో."

"ఎందుకు చూపించుకోవాలి?"

"నీకు వినపడదు కాబట్టి."

అతను తల ఎత్తాడు. "నీకెలా తెలుసు?"

"కన్నతల్లినిరా. నేను గట్టిగా మాట్లాడేది ఎందుకనుకున్నావు? నాకు మాత్రం గొంతు నొప్పి పుట్టదా? వీధిలో అందరూ నన్ను గయ్యాళిదంటున్నారు. నీ లోటు బయటపడేకన్నా నాకా పేరే నయంలే అని ఊరుకున్నాను."

ఆమె మామూలుగానే చెప్పింది. అతనికి మాత్రం చెప్పుతో కొట్టినట్టయింది. ఇన్నాళ్ళూ తన గుట్టు తనే దాచుకుంటున్నాననుకున్నాడు. దాన్ని మోస్తున్నది అమ్మ.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రి మెట్లెక్కాడు. పేషెంట్లు వెళ్ళిపోయే దాకా గుమ్మం బయటే తచ్చాడి, అప్పుడు లోపలికెళ్ళాడు. ఆమె చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. "శబ్దం వినపడ్డప్పుడల్లా నొక్కండి."

అతను బుద్ధిగా నొక్కడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆమె తలుపు తీసింది.

"ఎందుకు నొక్కుతున్నారు?"

"వినపడిందండీ."

"నేనింకా ఏ శబ్దమూ పెట్టలేదు."

అతను తల దించుకున్నాడు. ఆ గాజు గదిలో దాక్కోవడానికి చోటు లేదు. "ఇన్నాళ్ళూ ఇలాగే నెట్టుకొచ్చానండీ" అన్నాడు. "ట్రెబుల్ అన్నప్పుడు నాకు టేబుల్ అనే వినపడింది. కొంగలన్నప్పుడు నిజంగా దొంగలనే వినపడింది. మీరు నవ్విన జోకుల్లో ఒక్కటి కూడా నాది కాదు."

ఆమె అతని ఎదురుగా స్టూలు లాక్కుని, మొహం కనిపించేలా కూర్చుంది.

"నా పనేమిటి చెప్పండి. వినపడనివాళ్ళని గుర్తుపట్టడం. నెలరోజులు మీ పక్కన కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వానే గానీ, ఒక్కసారైనా అనుమానం వచ్చిందా నాకు? పేషెంటు అలా మాట్లాడితే రెండో మాటకే పట్టేస్తాను. మీరు మాట్లాడుతుంటే నవ్వడానికే సరిపోయింది. హాల్లో అందరూ మిమ్మల్ని చూసి నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మీ వల్ల కాదు, నా వల్ల."

"మీరెందుకండీ సిగ్గుపడటం?"

"మీకొక్కరికే రాసిచ్చారా సిగ్గు?"

పరీక్ష సవ్యంగా జరిగింది. సన్నటి శబ్దాలు చాలావరకు పోయాయి. విమానాల వల్లా, బాక్సుల వల్లా అని అడిగాడు. "రెండూ కావచ్చు. దేని వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. కమిటీకి పనికొస్తుంది కదా అని అబద్ధం చెప్పను" అంది. అతనికి ఆ జవాబు నచ్చింది. వానరోజు ఏమన్నారని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ధైర్యం చాల్లేదు.

రెండో విడత విచారణ స్కూల్లోనే, ఒక క్లాసు గదిలో పెట్టారు. ఈసారి మైకు వద్దని హెడ్మాస్టారు ముందే చెప్పాడు. అయినా మైకు వచ్చాడు, వట్టి చేతులతో. అతన్ని చూడగానే వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు జనం అలవాటుపడ్డారన్న మాట మళ్ళీ ఎత్తగానే అతను లేచి నిలబడ్డాడు. ఎన్నో వేల మాటలు అతని బాక్సుల్లోంచి పోయాయి గానీ నలుగురిలో తన మాట ఒక్కటీ ఎప్పుడూ చెప్పలేదు.

"ఆ రోజు మైకు కూత పెట్టించింది నేనేనండీ. నాకు ఆ కూత వినపడలేదు. నాకు చెవుడు."

వెనక బెంచీల్లో నవ్వు ఆగిపోయింది.

"మీవాళ్ళు ఇల్లిల్లూ అడిగారన్నారు. మా ఇంటికీ వచ్చారు. నాకేం అనిపించడం లేదు, అలవాటైపోయింది అని చెప్పాను. మీ లెక్కలో నేనూ ఉన్నాను. పసిపిల్లల తల్లులకీ అదే చెప్పాను, అలవాటైపోతుంది అని. అది అలవాటు కాదండీ. వినపడటం మానేసింది. నాకు తెలిసి కూడా సిగ్గుపడి దాచాను."

ఆఫీసరు ఈసారి నవ్వలేదు. మర్యాదగానే అడిగాడు. "అది మా విమానాల వల్లేనని రుజువేమైనా ఉందా?"

"లేదండీ. సగం నా బాక్సుల వల్లే పోయుండొచ్చు. అందుకే ఇప్పుడు పెళ్ళివాళ్ళు ఎంత అడిగినా ఒక హద్దు దాటి పెంచడం లేదు. నా నాబ్ నా చేతిలో ఉంది, తగ్గించుకున్నాను. రెండో నాబ్ మీ చేతిలో ఉంది."

చెప్పి కూర్చున్నాడు. ధైర్యంగా మాట్లాడానన్న సంతోషం ఏమీ కలగలేదు. వీధి మొత్తం ముందు బట్టలు విప్పుకున్నట్టుంది. ఎవరి మొహమూ చూడలేక బెంచీ మీది గీతల్నే చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు వెనకనుంచి ఎవరో లేచిన చప్పుడు. బట్టలు ఇస్త్రీ చేసే పెద్దాయన. "నేనూ అలవాటైందనే చెప్పానండీ. నా పేరు కూడా కొట్టేయండి" అన్నాడు. ఆ వెనకే బస్సు డ్రైవరు లేచాడు. ఆ వెనక, మైకు మాట పట్టుకుని అలాగే చెప్పిన ఎదురింటావిడ.

అంతటితో కథ సుఖాంతం కాలేదు. మైకు పేరు కాస్తా చెవిటి మైకు అయింది. రెండు పెళ్ళిళ్ళవాళ్ళు వేరే సెట్టు మాట్లాడుకున్నారు. కొన్ని వారాలకి బేస్ నుంచి కాగితం వచ్చింది. స్కూలు వేళల్లో విమానాలు గోడకి అవతలి వైపు నుంచి లేస్తాయనీ, సాయంత్రాలు మాత్రం పాత దారే అనీ. మసి గురించీ వాసన గురించీ పరిశీలిస్తామన్నారు. "సగం గెలిచాం. మిగతా సగానికి ఓపిక మిగిలే ఉంది" అన్నాడు హెడ్మాస్టారు. ఆడియో మేడమ్ గది ముందు మాత్రం బెంచీలు చాలడం లేదు. అలవాటైందన్నవాళ్ళందరూ ఒక్కొక్కరే వస్తున్నారు.

అలాంటి ఒక పొద్దున మైకుకి చెవి మిషన్ కొలత తీసుకునే రోజొచ్చింది. అమ్మ కూడా వచ్చి బయట బెంచీ మీద హెడ్మాస్టారు పక్కన కూర్చుంది. లోపల ఆమె మెత్తటి ముద్దలాంటిది కలిపి, అతని రెండు చెవుల్లోనూ నింపింది. అచ్చు గట్టిపడేదాకా కదలొద్దని సైగ చేసింది. ప్రపంచం ఒక్కసారిగా మూగబోయింది. గోడ మీది గడియారం, ఆమె వేళ్ళు, అంతే.

అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఇప్పుడు చెప్పేస్తే మేలు. కాదంటే వినపడదు.

ఎవరికీ వినపడకుండా గొంతు బాగా తగ్గించి, గుసగుసగా అన్నాడు. అతని లెక్కలో అది గుసగుసే.

"మీరంటే నాకు చాలా ఇష్టం. టేబుల్ తగ్గించిన రోజు నుంచీ ఇష్టం. వానలో మీరేదో అన్నారు, నాకు వినపడలేదు, నేనేదో వాగాను. అదేంటో అడగాలంటే సిగ్గేసింది. మీ పక్కన నిలబడే అర్హత నాకుందో లేదో తెలియదు. చెప్పకుండా ఉండలేక చెప్తున్నాను. కాదంటే ఇప్పుడే అనేయండి, నాకెలాగూ వినపడదు."

ఆమె మొహం కందగడ్డయింది. రెండు చేతులూ పెదాల మీద పెట్టుకుని తలుపు వైపు చూసింది. అతనూ అటు చూశాడు. తలుపు బార్లా తీసి ఉంది. బెంచీల మీదివాళ్ళందరూ మెడలు చాపి లోపలికి చూస్తున్నారు. ఇస్త్రీ పెద్దాయన నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. అమ్మ తల పట్టుకుంది.

"అరిచానా?" అన్నాడు, మళ్ళీ అరుస్తూ.

ఆమె అచ్చు గట్టిపడేదాకా ఆగింది. ఆ కాసేపూ అతను చచ్చి బతికాడు. ఆమె మెల్లగా ఒక్కో చెవిలోంచీ అచ్చు తీసి, అతని ఎదురుగా కూర్చుని, పెదాలు కనిపించేలా చెప్పింది.

"మీరు పక్కనుంటే నాకు ఇంటికి వెళ్ళాలనిపించడం లేదు. వానలో నేనన్నది ఇదే. మీరేమో వైర్లు తడిసిపోతాయన్నారు. నాకెంత సిగ్గేసిందో తెలుసా? సందు దొరికిందని మీద పడ్డాననుకున్నారేమో అని వారం రోజులు సరిగ్గా తినలేదు నేను."

"వైర్లు కూడా నిజంగానే తడిశాయండీ" అన్నాడతను, ఏమనాలో తెలియక.

"ఇది జోకా, వినపడలేదా?"

"జోకే. ఇది మాత్రం నాదే."

బయటనుంచి హెడ్మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఏమండీ వదినగారూ" అన్నాడు మైకు తల్లితో, అప్పటికప్పుడే వరస కలిపేస్తూ. "వీధంతా విన్నాక ఇంక మనం విననట్టు నటించి లాభం లేదు. ఎప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం?"

మిషన్లు వచ్చిన రోజు ఆమే స్వయంగా అతని చెవులకి పెట్టింది. ఇద్దరూ కలిసి బయటికి నడిచారు. అందరూ తన చెవుల వంకే చూస్తున్నట్టు అనిపించి అతను రెండుసార్లు జుట్టు చెవుల మీదికి దువ్వుకున్నాడు. మూడోసారి దువ్వబోతే ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దించింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

సాయంత్రం వాళ్ళు మైకు వీధిలోకి వచ్చేసరికి విమానం లేచింది. గోడ మీంచి, తారురోడ్డు మీంచి, వాళ్ళ తలల మీంచి గాలిని చీల్చుకుంటూ పోయింది. మైకు జీవితంలో మొదటిసారి రెండు చెవులూ మూసుకుని రోడ్డు పక్కన గోడకి ఆనుకుపోయాడు. అది దాటిపోయాక చాలాసేపటికి గానీ చేతులు దించలేదు.

"అందరికీ ఇలాగే వినపడేదా?"

"ఊఁ."

"పసిపిల్లలకి కూడానా?"

"వాళ్ళకి ఇంకా ఎక్కువ."

ఎదురింటి గుమ్మంలో పాపని భుజాన వేసుకుని జోకొడుతున్న తల్లి కనిపించింది. ఆవిడతో తను అన్న మాట గుర్తొచ్చి అతనికి మొహం చెల్లలేదు. కాసేపు తటపటాయించి, రోడ్డు దాటి వెళ్ళాడు.

"అక్కా, ఆ రోజు అలవాటైపోతుందన్నాను. తప్పు. అలవాటు చేసుకోవద్దు. ఆదివారం మీటింగుకి పాపని తీసుకుని రండి."

ఆవిడ పాప వీపు నిమురుతూ తలూపింది. అతను తిరిగొచ్చాక ఇద్దరూ ఆమె ఇంటి వైపు నడిచారు. ఆమె ఏదో చెప్పడం మొదలుపెట్టింది, మామూలు గొంతుతో, దారి చూసుకుంటూ, అతని వైపు తిరగకుండానే. అతనూ ఆమె పెదాల వంక చూడలేదు. తల వంచుకుని, ప్రతి మాటా వింటూ నడిచాడు.